మొదటి పూట పాలు

మొన్న మా వీధి చివరింటి కొత్త కోడలు స్టీలు గిన్నెలో జున్ను తెచ్చి ఇచ్చింది. వాళ్ల పుట్టింట్లో బర్రె ఈనిందట, తమ్ముడు పొద్దున బస్సుకు పాలు పంపించాడట. మూత తీయగానే బెల్లం, మిరియాలు, యాలకులు కలిసిన వెచ్చని వాసన ముఖానికి తగిలింది. "తిని చెప్పుండ్రి అత్తమ్మా, తీపి సరిపోయిందో లేదో" అంటూ ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఒక ముక్క నోట్లో వేసుకుని బాగుందన్నాను. ఆమె వెళ్లాక రెండో ముక్కకు చేయి రాలేదు. మా ఇంట్లో ముప్పయ్యేళ్లకు పైగా జున్ను వండలేదు. వండొద్దని ఎవరూ అనలేదు. మా అత్త ఈరమ్మ మానేసింది. ఎందుకు మానేసిందో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు, అయినా ఇద్దరమూ ఏనాడూ ఆ మాట ఎత్తుకోలేదు. ఆమె పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆమె ఉండగా రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

నేను రాయచూరు పట్టణంలో పుట్టి పెరిగాను. పీయూసీ అయిపోగానే పెళ్లి చేసి శక్తినగర్ పంపించారు. మా ఆయన మల్లేశం పవర్‌ప్లాంటులో బొగ్గు విభాగంలో పనిచేసేవాడు. అప్పటికి మాకు క్వార్టర్ రాలేదు. కాలనీ గోడకు ఇవతల రెండు గదుల ఇల్లు, వెనక బర్రెల కొట్టం. మా అత్త పొద్దున లేవగానే మొదట చేసే పని చీపురు పట్టడం కాదు, తడిగుడ్డ పట్టడం. చిమ్నీల నుంచి వచ్చిన బూడిద రాత్రంతా సన్నగా రాలి అన్నిటి మీదా పరుచుకునేది. కుండల మూతలు, నీళ్ల బిందెలు, తులసికోట గట్టు, బర్రెల వీపులు అన్నీ తుడిచేది. ఆరేసిన చీరను దులపకుండా కడితే మెడ దగ్గర గరగరమనేది. అన్నం తినే ముందు కంచాన్ని కొంగుతో తుడవడం ఎంత అలవాటయిందంటే, ఇప్పటికీ పెళ్లిళ్లలో అరిటాకు ముందు కూర్చున్నా నా చేయి కొంగు కోసం వెతుకుతుంది. రైలు వ్యాగన్ల నుంచి జారిపడ్డ బొగ్గును మా అత్త పొయ్యిలో వేసేది. ఆ ఇంటి వాసనంటే నాకు ఇప్పటికీ మూడూ కలిసే గుర్తొస్తాయి: బొగ్గు పొగ, పేడ, కాగిన పాలు.

ఆమె భర్త చిన్న వయసులోనే పోయాడు. బర్రెలను సాకి కొడుకును చదివించుకుంది. పొడుగ్గా, ఎండిన చెరకు గడలా ఉండేది. మాట తక్కువ. నవ్వడం ఇంకా తక్కువ. అలాంటి మనిషి బర్రె ఈనిన రోజు మాత్రం వేరే మనిషయ్యేది. ఈనిన బర్రెకు వెచ్చని నీళ్లు పోసి, దూడను గడ్డితో తుడిచి పక్కన కట్టేసి, కొత్త చెంబు పట్టుకుని పొదుగు కింద కూర్చునేది. తేనెలా చిక్కగా, పసుపుపచ్చగా దిగే ఆ మొదటి పూట పాలు పూర్తిగా పిండేది. మొదటి రెండు రోజులూ దూడకు పొదుగు చూపించేది కాదు, గంజినీళ్లు పట్టించేది. "గంత చిక్కటి పాలు కూనకు అరగయి పిల్లా. పారుతది. మూడో దినానికి పాలు పలచనైతయి, అప్పుడు ఇడుస్తం" అని నాకు చెప్పింది. వాళ్ల అమ్మ అలాగే చేసింది, వాళ్ల అవ్వ అలాగే చేసింది. ఆ పాలలో బెల్లం తురిమి, మిరియాలు దంచి వేసి, గుడ్డ కట్టి ఆవిరి మీద ఉడికించేది. చల్లారాక చాకుతో ముక్కలు కోసి క్వార్టర్స్‌లో ఇల్లిల్లూ తిరిగి తానే పంచేది. కన్నడం వాళ్లు గిణ్ణు అనేవారు, తురకల ఇంట్లో పిల్లలు ఆమె రాకముందే గుమ్మంలో నిలబడేవారు, కోస్తా నుంచి వచ్చిన ఇంజనీర్ల భార్యలు మా ఊరి జున్ను గుర్తొచ్చిందని కళ్లు తుడుచుకునేవారు. అమ్ముతానంటే ఎంతకైనా కొనేవాళ్లున్నారు, కానీ ఆమె ఎన్నడూ అమ్మలేదు. ఎవరూ లేని ఆ కొత్త ఊళ్లో ఆమెకంటూ ఒక పేరుందంటే అది ఈ జున్ను వల్లనే.

అంతకుముందు ఎప్పుడో ఒకటి పోయేదట, నేను కాపురానికి వచ్చిన ఏడాదిలో మాత్రం మా కొట్టంలో దూడలు వరసగా చనిపోవడం మొదలైంది. మొదటిది వానాకాలంలో పుట్టి వారం తిరగకుండానే తెల్లగా పారుకుని పోయింది. కళ్లు లోపలికి పీక్కుపోయాయి, చెవులు చల్లబడ్డాయి, లేవమంటే మెడ మాత్రం ఎత్తేది. రెండోదీ అలాగే పోయింది. తల్లి చేపడానికి మా అత్త ఆ చచ్చిన దూడ తోలు ఎండబెట్టి, లోపల గడ్డి కూరి, నాలుగు కర్రల మీద నిలబెట్టింది. బర్రె దాన్ని నాకుతూ పాలిచ్చేది. అప్పటికి నాకు మూడో నెల. కొట్టంలోకి వెళ్లినప్పుడల్లా కళ్లు లేని ఆ గడ్డి దూడ నావైపే తిరిగి ఉన్నట్టుండేది. ఒకనాడు మా ఆయనతో ఆ సంగతి చెప్పాను. ఆయన షిఫ్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. "అమ్మ ముందర అనకు. నాకన్న ముందు ఇద్దరు పుట్టిండ్రు. ఇద్దరు గిట్లనే పోయిండ్రు, పారుడువెట్టి. పేరు పెట్టకముందే" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆపేసి తువ్వాలు అడిగాడు.

చుట్టుపక్కల అందరూ బూడిదే కారణమన్నారు. గాలి పాడైంది, గడ్డి పాడైంది, పశువు కడుపు పాడైంది అన్నారు. మా అత్త బూడిదను తిట్టింది, దిష్టి తీసింది, గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. మూడో దూడ కూడా పోయిన పొద్దున మా ఆయన పశువుల దవాఖానకు వెళ్లి డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. ప్రసాద్ గారని, సిరవార దగ్గర కాలవ కింద సేద్యానికి వలసొచ్చిన ఆంధ్రా రైతుల క్యాంపులో పుట్టినవాడు. మా ఆయన ఈడువాడే ఉంటాడు. మాట మెత్తగా ఉండేది.

"పెద్దమ్మా, కోసి చూస్తే గానీ ఏమీ చెప్పలేను. కోయమంటారా?" అని అడిగాడు.

మా అత్త కొంతసేపు దూడను చూసింది. "కోయి సారూ. ఈ బూడిదనే దాని పానం తీసిందని రాసియ్యి" అన్నది.

కొట్టం వెనక నీడలో గోనెపట్టా పరిచి ఆయన దూడను కోశాడు. నన్ను లోపలికి పొమ్మని మా అత్త రెండుసార్లు చెప్పింది, నేను పోలేదు. పీయూసీలో కప్పను కోసినదాన్ని, భయం లేదనుకున్నాను. ముందు ఊపిరితిత్తులు చూశాడు. అక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదన్నాడు. తర్వాత పేగులు బయటికి తీసి, చివరి భాగాన్ని పొడుగ్గా చీల్చి, మా అత్త చెంబుతో నీళ్లు పోస్తుంటే కడిగాడు. లోపలి గోడ మీద పొడుగాటి పట్టీలాంటిది కొంచెం ఉబ్బెత్తుగా కనిపించింది. అక్కడక్కడ కమిలి ఎర్రబడి ఉంది.

"ఇది చూడండమ్మా" అన్నాడు నావైపు తిరిగి, నేను చదువుకున్నదాన్నని తెలిసి. "పేగు గోడలో ఉండే కాపలా ఇది. నోట్లోంచి ఏ క్రిమి వచ్చినా ముందు ఇక్కడే తెలుస్తుంది. లేగదూడల్లో ఇంత పొడుగుంటుంది, పెద్దయ్యాక కరిగిపోతుంది. కానీ పుట్టగానే దీనికి పని రాదు. ఏది మంచిదో ఏది చెడ్డదో నేర్చుకోవాలి. నేర్చుకునేదాకా దూడను కాపాడేది తల్లి ముర్రుపాలే. పుట్టిన కాసేపటికే తాగితే, ఆ పాలల్లో ఉన్న రక్షణ పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్తుంది. ఒక రోజు దాటిందంటే ఆ దారి మూసుకుపోతుంది. తర్వాత ఎన్ని పాలు పోసినా అది వెళ్లదు." మా అత్తవైపు తిరిగి, "పెద్దమ్మా, పుట్టిన పూట దీనికి ఎన్ని పాలు తాగించారు?" అని అడిగాడు.

"మొదటి పూట ఎందుకు తాపుతం సారూ? అరగదు గద. మూడో దినం ఇడుస్తం."

ఆయన కత్తి కడుక్కుంటూ తల మెల్లగా ఆడించాడు. అది చాలు, నేను అక్కడితో ఊరుకోవలసింది అని తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. ఊరుకుని ఉంటే నా బిడ్డ సంగతి ఏమయ్యేదో అనీ అనిపించింది. ఆ క్షణాన నా చేయి నా కడుపు మీద ఉంది. మా అమ్మా వాళ్ల ఇంట్లోనూ అంతే కదా. బాలింత మొదటి పాలు మురికి పాలని పిండి పారబోస్తారు, బిడ్డకు తేనె నాకిస్తారు, ఆముదం చుక్క వేస్తారు, చక్కెర నీళ్లలో ముంచిన దూది చీకిస్తారు. అవన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"డాక్టర్ గారూ, మనుషుల పిల్లలకు కూడా ఇంతేనా?" అని అడిగాను.

"మనుషుల సంగతి కొంచెం వేరమ్మా. మన బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి కొంత రక్షణ అందుతుంది. దూడకు అదీ లేదు. అయినా ముర్రుపాలు బిడ్డ పేగుకు పూతలాంటివి. అవి పారబోసి వేరే నీళ్లు పట్టిస్తే విరేచనాలు పట్టుకోవడం చాలా చూస్తుంటామని పిల్లల డాక్టర్లు చెప్తారు. మీరు మాత్రం పుట్టగానే పట్టండి."

నీళ్లు పోస్తున్న చెంబు ఆగింది. ఆయన ఇంకా చేతులు చాపే ఉన్నాడు, నీళ్లు పడటం లేదు. నేను తలెత్తి చూశాను. మా అత్త మా ఇద్దరినీ చూడటం లేదు. గోనెపట్టా మీద పరిచి ఉన్న ఆ పేగునే చూస్తోంది. ఆమె ముఖంలో ఏడుపు లేదు. తప్పిపోయిన మనిషిని సంతలో దూరం నుంచి చూసి అవునో కాదో తేల్చుకుంటున్నట్టు ఉంది ఆ చూపు. చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మిగిలిన నీళ్లు నేను పోశాను.

ఆ తర్వాత ఆమె బూడిద మాట ఎత్తలేదు. నిమ్మకాయలు తీసి పారేసింది. గడ్డి దూడను కూడా విప్పి, గడ్డి కుప్పలో కలిపి, తోలును ఎక్కడో పాతిపెట్టి వచ్చింది. బర్రె రెండు రోజులు అరిచి పాలు ఎగ్గొట్టింది, అయినా చలించలేదు. అన్నం ముందు కూర్చుని కంచం తుడిచేది, మళ్లీ తుడిచేది, తినకుండా లేచేది. "ఏమైందత్తా?" అంటే "ఏం కాలే" అనేది. ఆమె మనసులో ఏం నడుస్తోందో నాకు తెలుసు, కానీ ఆ తలుపు తట్టే ధైర్యం నాకు లేదు. తట్టి ఏమని చెప్పాలి? నీ తప్పు కాదనా? తప్పు కాదని ఇద్దరికీ తెలుసు. తప్పు కాకపోయినా ఆ చేతులతోనే జరిగిందనీ ఇద్దరికీ తెలుసు. నా చదువు అంత అక్కరకు రానిదని నాకు అంతకుముందు ఎన్నడూ అనిపించలేదు.

నాకు ఏడో నెల నడుస్తుండగా ఇంకో బర్రె ఈనింది. ఈసారి మా అత్త చెంబు తీయలేదు. దూడ ఇంకా తడిగా వణుకుతుండగానే రెండు చేతులా ఎత్తుకెళ్లి పొదుగు దగ్గర నిలబెట్టి, వేలు నోట్లో పెట్టి, చన్ను అందించింది. అది మూతి నిండా నురగతో తాగింది. తాగి తాగి కూలబడింది. క్వార్టర్స్ నుంచి పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చారు. "జున్ను లేదు పోండ్రి. ఇంక ఉండదు" అన్నది. ఇంజనీరు భార్య ఒకావిడ నొచ్చుకుని, "మేమేమైనా అన్నామా ఈరమ్మా?" అని అడిగింది. మా అత్త దూడ మూతి తుడవడానికి వంగింది. ఆ దూడ మాత్రం గెంతులేసింది. వెంట్రుకలు నిగనిగలాడాయి. మూడు వారాలపాటు మా ఇంట్లో అందరమూ దాని ముఖమే చూస్తూ బతికాం.

తర్వాత అది తినడం మానేసింది. పొట్ట ఉబ్బింది, బురద రంగులో పారుకుంది, ఒక మధ్యాహ్నం తల్లి కాళ్ల దగ్గరే పడిపోయింది. మా అత్త దాని పక్కన కూర్చుని మెడ మీద చేయి వేసింది. నేను వెళ్లి దగ్గర నిలబడ్డాను.

"తాగింది గద సుశీలా" అన్నది. "కడుపు నిండ తాగింది. నువ్వు చూసినవ్ గద."

"చూసినత్తా."

"అయినా పాయె."

ఆ గొంతులో దుఃఖం ఉంది, దుఃఖంతోపాటు ఇంకేదో ఉంది. నెలల తరబడి బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. తాగినా పోతాయి, తాగకున్నా పోతాయి. అలా అయితే ఆ ఇద్దరూ పోవడానికి తన చేతులే కారణం కాకపోవచ్చు. అది ఆమె నోటితో అనలేదు. నాకు మాత్రం అన్నంత గట్టిగా వినిపించింది.

ప్రసాద్ గారు వచ్చి సంచి విప్పబోతే ఆమె లేచి అడ్డం నిలబడింది. "వద్దు సారూ. ఈసారి కోయకుండ్రి." ఆయన నావైపు చూశాడు. నేనూ వద్దన్నట్టు తలూపాను. గేటు దాకా సాగనంపడానికి వెళ్తే, ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "కోయకుండానే తెలుస్తోందమ్మా. ఏలికపాములు. బర్రె దూడలకు ఇవి తల్లి పాలలోంచే వస్తాయి. అలాగని పాలు మాన్పించకూడదు, మాన్పిస్తే మొదటికే మోసం. పుట్టిన పదిరోజులు దాటగానే మందు పోస్తే చాలు. మీ అత్తగారికి చెప్పండి."

నేను చెప్పలేదు. ఆ పాలే కాపాడతాయి, ఆ పాలతోనే పురుగూ వస్తుంది అని ఆమెకు ఎలా చెప్పను? చెబితే ఆమెకు దొరికిన ఆ కాస్త అనుమానం కూడా పోతుంది. ఆ అనుమానం మీదే ఆమె మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టింది. దవాఖాన నుంచి మందు తెప్పించి, బలానికని చెప్పి, తర్వాత పుట్టిన ప్రతి దూడకూ నేనే పోశాను. అవి బతికాయి. అవి ఎందుకు బతుకుతున్నాయని ఆమె నన్ను అడగలేదు.

కాన్పుకు రాయచూరు మా అమ్మ ఇంటికి వచ్చాను. నొప్పులు మొదలైన కబురు అందగానే మా అత్త కంపెనీ బస్సెక్కి వచ్చేసింది. ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బిడ్డను కడిగి గుడ్డలో చుట్టేసరికి మా అమ్మ చక్కెర నీళ్ల గిన్నె, దూది వత్తి సిద్ధం చేసి పక్కన కూర్చుంది. మా అత్త గుమ్మంలోంచి నేరుగా లోపలికి వచ్చింది.

"వదినా, ఆ గిన్నె తీసెయ్యి."

"పాలు పడెదాక పిల్ల ఎండిపోతది గద వదినా. మనింట్ల ఎప్పటిసంది ఇదే గద" అన్నది మా అమ్మ.

"తీసెయ్యమన్న గద!"

ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, ఎండిపోయిన ఆ పొడుగు వేళ్లతో పెదవులు తెరిచి, నా రొమ్ముకు అదిమింది. ముద్దు చేసినట్టు ఏమీ లేదు, పని చేసినట్టుంది. బిడ్డ రెండుసార్లు జారి మూడోసారి పట్టుకుంది. పట్టుకున్నాక కూడా ఆమె చేయి తీయలేదు. బిడ్డ గొంతు కదులుతోందో లేదో వేలుతో తాకి చూసింది. అప్పుడు లేచి వసారాలోకి వెళ్లింది. కొంతసేపటికి అక్కడి నుంచి ఏడుపు వినిపించింది. మా అమ్మ కంగారుగా వెళ్లి, "ఏమైంది వదినా, శుభమా అని పిల్ల పుడితే?" అని అడగడం విన్నాను. ఏడుపు మధ్యలోంచి మా అత్త గొంతు వచ్చింది. "నాకెవ్వరు చెప్పలే వదినా. నాకెవ్వరు చెప్పలే."

ఇప్పుడు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆసుపత్రి గోడల మీద బొమ్మలున్నాయి, నర్సులే బిడ్డను తల్లికి అందిస్తారు, పశువులకు ఇంటి ముందుకే వచ్చి మందు పోస్తారు. మా మనవరాలు పుట్టినప్పుడు మా అమ్మాయికి నేను చెప్పవలసింది ఒక్క ముక్క కూడా మిగల్లేదు. శక్తినగర్‌లో రాలిన బూడిద ఇప్పుడు కొత్త ప్లాంటు వచ్చిన యరమరస్ వైపు కూడా రాలుతోంది, అక్కడి కొట్టాల్లో దూడ పోతే ఇప్పటికీ ముందు దాన్నే తిడతారట. తిట్టడానికి ఏదో ఒకటి బయట ఉండటం ఎంత ఆసరానో నాకు తెలుసు. తెలియని రోజుల కంటే తెలిసిన రోజులు మంచివని నేను ఒప్పుకుంటాను. కానీ తెలియడం ఒక ఇంట్లోకి మొదటిసారి వచ్చినప్పుడు ముందు పుట్టబోయే వాళ్లను కాపాడుతుంది, పోయిన వాళ్లను మళ్లీ ఒకసారి చంపుతుంది. ఆ రెండోదాన్ని మోసేవాళ్లకు ఏ ఆసుపత్రిలోనూ మందు చూడలేదు నేను.

ఆ తర్వాత మా అత్తకు ఒక అలవాటైంది. చుట్టుపక్కల ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, పిలిచినా పిలవకపోయినా వెళ్లి, బిడ్డ తాగేదాకా కదలకుండా కూర్చునేది. కొందరు మర్యాద చేశారు, కొందరు విసుక్కున్నారు, ఒక ఇంట్లో ముసలమ్మ పెత్తనమేంటని బయటికి పంపేశారు. అయినా మానలేదు. చూపు తగ్గాక నేను చేయి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఆమె వెళ్లగలిగిన చివరి ఇల్లు మా వెనక వీధిలోది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల బాలింత. నొప్పికి ముఖం చిట్లించుకుంటూనే బిడ్డకు పాలిస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని, "నీకు ఎందరు పిల్లలవ్వా?" అని అడిగింది. ఎవరు అడిగినా మా అత్త "ఒక్కడే" అనేది. అన్నేళ్లలో ఇంకో జవాబు నేను వినలేదు.

"ముగ్గురు" అన్నది.

నేను తల తిప్పి చూశాను. ఆమె నావైపు చూడలేదు.

"మరి తక్కినోళ్లు యాడుంటరు?" అని అడిగింది ఆ పిల్ల.

మా అత్త మసకబారిన కళ్లను బిడ్డ నోటి దగ్గరకు దించి, తడిమి, బుగ్గ కదులుతోందని వేలికి తెలిశాక, "మాటలెందుకు, తాగనియ్యి" అన్నది.